గేటుకు రెండు దెబ్బలు

మా ఎదురింటి రేకుల పనివాడు నాకు తోడబుట్టినవాడు కాడు. పాతికేళ్లుగా "అక్కా, అక్కా" అని పిలుస్తూ తనంతట తనే తమ్ముడైపోయాడు. అతని భార్య నాకు మరదలు. ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పని చేస్తుంది. వాళ్లింటి ముందుగదే తమ్ముడి పనిగది. అది మా వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది కాబట్టి అక్కడికి ఎవరు వచ్చారో, ఏం చేయించుకున్నారో, ఎవరు మొహం మాడ్చుకుని వెళ్లారో నాకు తెలియకుండా ఉండదు.

బకెట్లు, గరాట్లు, చూరు నుంచి వాననీళ్లు దించే గొట్టాలు, బేకరీవాళ్లకు ట్రేలు చేస్తాడు. రేకు అంచు మడిచేటప్పుడు చెక్క సుత్తితో రెండే రెండు దెబ్బలు వేస్తాడు. మొదటి దెబ్బకు అంచు వంగుతుంది, రెండో దెబ్బకు అణుగుతుంది. తర్వాత రేకు కొంచెం జరుపుతాడు, మళ్లీ రెండు. మూడోది ఎందుకు వేయవని ఒకసారి అడిగాను.

"మూడోది వేస్తే రేకు సాగుతుందక్కా. సాగిన రేకు ఇక మాట వినదు."

"వినకపోతే ఏం చేస్తావు?"

"నీలాంటి వాళ్లకి చేటగా చేసి ఇస్తాను" అన్నాడు. నిజంగానే ఇచ్చాడు. ఆ చేటతోనే ఇప్పటికీ మా వాకిట్లో చెత్త ఎత్తుతున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ చెయ్యి స్టేడియానికి వెళ్తుంది. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడే చోట పక్కగా కుర్చీలు ఉంటాయి, ఒక గోల్ వెనక సిమెంటు మెట్లు ఉంటాయి. మెట్ల మీద అందరూ నిలబడే చూస్తారు. వాళ్లదొక సంఘం. దానికి పెద్ద మందుల షాపాయన. గొంతు బస్సు కండక్టరమ్మ. చప్పుడు మా తమ్ముడు. నూనె పీపాకు రెండు వైపులా తనే రేకు బిగించి చేసుకున్న డబ్బాను మెడకు తగిలించుకుని పద్దెనిమిదేళ్లుగా మోగిస్తున్నాడు. అందుకే ఊరంతటికీ అతను డబ్బా. కరెంటు బిల్లు మీద తప్ప అసలు పేరు ఎక్కడా కనబడదు.

ఇక గేటు సంగతి. తొమ్మిదేళ్ల కిందట మా జట్టులోకి ఒక డిఫెండరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వంచి నడిచే మనిషి. మొదటి ఆటలోనే ఎదుటివాళ్లు దూసుకొస్తుంటే అడ్డంగా నిలబడి ఆపేశాడు. "గేటు పడిందిరా" అని మెట్ల మీద ఎవరో అన్నారు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఆ రోజు అతను బంతిని తలతో కొట్టి అవతలికి పంపగానే తమ్ముడి చెయ్యి అలవాటు కొద్దీ డబ్బా మీద రెండు దెబ్బలు వేసింది. ఆ రెండు దెబ్బలు విని గేటు నాలుగడుగులు ముందుకు వేశాడు. అతన్ని చూసి పక్కనున్న ముగ్గురూ వేశారు.

అలా ఎందుకు జరగాలో నాకు అర్థం కాకపోతే ఒకసారి బస్సులో నా సంచిలోని నిమ్మకాయలు తీసి సీటు మీద పేర్చి కండక్టరమ్మ నేర్పింది. బంతిని దూరంగా పంపాక వెనకున్న నలుగురూ ఒక్కసారిగా ముందుకు జరగాలట. అప్పుడు ఎదుటి జట్టువాడు వాళ్ల వెనక ఒంటరిగా చిక్కుకుని ఆఫ్‌సైడ్ అవుతాడట, వాడికి బంతి అందినా గోల్ చెల్లదట. ఒక్కడే జరిగి మిగతా ముగ్గురూ ఆగిపోతే మాత్రం మధ్యలో దారి తెరిచి పెట్టినట్టే. స్టేడియం హోరులో ఒకరి కేక ఒకరికి వినపడదు. డబ్బా మాత్రం వినబడుతుంది. అందుకని తొమ్మిదేళ్లూ అదే గుర్తైపోయింది. గేటు తల తగలడం, తమ్ముడు రెండు దెబ్బలు వేయడం, నలుగురూ ముందుకు జరగడం. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టుకున్న ఏర్పాటు కాదు. గేటూ తమ్ముడూ ఒకరితో ఒకరు కూర్చుని పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నదీ లేదు.

ఒక మంగళవారం పొద్దున మందుల షాపాయన షట్టరు సగం ఎత్తి అలాగే వదిలేసి తమ్ముడి పనిగదిలోకి వచ్చాడు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను.

"గేటుని ఇచ్చేశారు" అన్నాడు.

"ఎవరికి ఏం ఇచ్చారు?"

"గేటునే. ఏటి అవతల జట్టుకి. వాళ్ల దగ్గర్నించి గోల్ కొట్టేవాళ్లని ఇద్దరిని తెచ్చుకుంటున్నారు."

తమ్ముడు అప్పుడు గరాటుకు టంకం పెడుతున్నాడు. పని ఆపలేదు. మధ్యాహ్నం హోటలతను వచ్చి గరాటు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, కింద కన్ను పెట్టి చూసి, "అన్నా, దీని మూతి ఏది?" అన్నాడు. కింది రంధ్రం నిండుగా టంకం పోసి మూసేశాడు మా తమ్ముడు. ముప్పై ఏళ్ల పనిలో అలాంటిది జరగలేదు.

ఆ వారం ఊరు ఊరులా లేదు. మందుల షాపులో గేటు ఫొటోను గోడ వైపు తిప్పేశారు. ఇప్పుడు అక్కడ అట్ట, రెండు మేకులు కనబడుతున్నాయి. కండక్టరమ్మ స్టేడియం స్టాపు పేరు కేక వేయడం మానేసింది. దిగాల్సినవాళ్లు ఒక స్టాపు ముందుకు వెళ్లి వెనక్కి నడిచారు. మా సందు చివర ఒకాయన పిల్లికి గేటు అని పేరు పెట్టుకున్నాడు. మంగళవారం నుంచి దాన్ని "ఓయ్" అని పిలుస్తున్నాడు. పిల్లికి ఏ పేరైనా ఒకటే, పాలు పోస్తే వస్తుంది.

శనివారం సాయంత్రం సంఘం వాళ్లంతా తమ్ముడి పనిగదిలో చేరారు. మూడు వారాల్లో ఏటి అవతల జట్టు మన ఊరికే ఆడడానికి వస్తుంది, అప్పుడు గేటుని ఏం చేయాలన్నది సభ. నేను బకెట్టుకు చిల్లు పడిందని ఒక మంచి బకెట్టు పట్టుకుని వెళ్లి కూర్చున్నాను.

ఒకరు ఈలలు వేద్దామన్నారు. ఒకరు వెనక్కి తిరిగి నిలబడదామన్నారు.

"వెనక్కి తిరిగితే ఆట ఎలా చూస్తాం?" అంది కండక్టరమ్మ.

"ఒక్క నిమిషమే."

"ఆ నిమిషంలోనే గోల్ పడితే?"

తమ్ముడు సుత్తి పక్కన పెట్టి అన్నాడు. "ఈలలూ వద్దు, తిట్లూ వద్దు. అతని కోసం ఒక్క చప్పుడు కూడా చేయొద్దు. అతనక్కడ లేనట్టే ఉందాం. ఎవరు చేస్తే వాళ్లు ఆ ఏడాదికి మెట్లు దిగిపోవాలి."

"ఎవరైనా సరేనా?" అన్నాడు మందుల షాపాయన.

"ఎవరైనా సరే."

మరదలు గుమ్మంలో నిలబడి కళ్లజోడు తుడుస్తోంది. "ఆయన తనంతట తను పోలేదు కదా. జట్టు నడిపేవాళ్లే ఇచ్చేశారు. ఇచ్చినవాళ్లని వదిలేసి పోయినవాడి మీద పడతారేంటి?"

"వద్దనొచ్చుగా" అన్నాడు తమ్ముడు.

"నిన్ను రేపు నీ రేకులతో సహా తీసుకెళ్లి పక్కూళ్లో పెడితే నువ్వేమంటావో చూస్తాను."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. కానీ మాట మాత్రం ఖాయమైపోయింది, అందరూ చేతులెత్తారు. అలవాటు కొద్దీ నేనూ ఎత్తాను.

నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. వద్దన్నాడా, అనలేదా అన్నది తేలాలి కదా. జట్టు బట్టలు ఉతికే లాండ్రీ ఆవిడ నాకు బాగా తెలుసు. ఆవిడ దగ్గర ఒక పూట కూర్చుని విషయం రాబట్టాను. కాగితాల మీద సంతకాలు అయ్యాకే గేటుకు చెప్పారట. ప్రాక్టీసు ముగించుకుని సంచీ భుజాన వేసుకుని బయటికొస్తుంటే, కార్లు ఆపే చోట నిలబెట్టి ఐదు నిమిషాల్లో చెప్పి పంపేశారట. తన పెట్టెలోని వస్తువులు తీసుకోవడానికి మర్నాడు వచ్చి, బట్టలు ఉతికేవాళ్లందరికీ నమస్కారం పెట్టి వెళ్లాడట.

ఇదంతా వచ్చి తమ్ముడికి చెప్పాను. రేకు కత్తిరిస్తున్నవాడు కత్తెర సగంలో ఆపి విన్నాడు.

"ఆ మాట ముందే చెప్పుంటే బాగుండేదక్కా."

"ముందే తెలిస్తే ముందే చెప్పేదాన్ని. ఇప్పుడైనా సభలో చెప్పు, మాట మార్చుకుందామని."

"నేను పెట్టిన మాట నేనే ఎలా మార్చను? రేపు నా మాట ఎవరు వింటారు?" అని కత్తెర మళ్లీ ఆడించాడు.

ఆట రోజు వచ్చింది. నేనూ మరదలూ కుర్చీల్లో, మెట్లకు ఆనుకుని ఉన్న చివరి వరసలో కూర్చున్నాం. మధ్యలో ఇనుప కమ్మీ ఒక్కటే అడ్డం. తమ్ముడు డబ్బా మెడలో వేసుకుని ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. గేటు పసుపు చొక్కా వేసుకుని వచ్చాడు. మన నీలం తప్ప అతని ఒంటి మీద ఇంకో రంగు చూడటం అదే మొదలు. మెట్ల మీద వెయ్యి మంది ఉన్నారు, ఒక్కరు కూడా నోరు మెదపలేదు. అతను మెట్ల వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఈలలు వేసినా బాగుండేదనిపించింది నాకు.

మొదటి సగం గేటు అవతలి చివర ఆడాడు. గోల్ ఎవరికీ పడలేదు. రెండో సగంలో ఇటువైపు వచ్చాడు, సరిగ్గా మెట్ల ముందు. తమ్ముడు మన జట్టు పరిగెత్తినప్పుడల్లా డబ్బా మోగిస్తున్నాడు. బంతి గేటు దగ్గరికి వస్తే రెండు చేతులూ డబ్బా అంచుకు గట్టిగా పట్టుకుని నిలబడుతున్నాడు. అలా నాలుగైదు సార్లు పట్టుకున్నాడు.

ఆట ముగియడానికి ఇంకో పావుగంట ఉంది. మనవాళ్లు పక్క నుంచి బంతిని ఎత్తి పంపారు. గేటు ఎగిరాడు. మెడ వెనక్కి లాగి తలతో కొట్టాడు, బంతి సగం మైదానం దాకా వెళ్లింది.

డబ్బా రెండు దెబ్బలు మోగింది.

గేటు నాలుగడుగులు ముందుకు వేశాడు. తొమ్మిదేళ్లు వేసినట్టే, వెనక్కి చూడకుండా వేశాడు. మిగతా ముగ్గురు పసుపు చొక్కాలవాళ్లకీ ఆ దెబ్బలు ఏమిటో తెలియదు కదా, ఉన్నచోటే ఉన్నారు. గేటు వదిలిన జాగాలోకి మనవాడొకడు బంతిని తిరిగి తోశాడు. గేటుకు బదులుగా మనకు వచ్చిన ఇద్దరిలో పొట్టివాడు దాని వెనక పరిగెత్తి గోల్ కొట్టేశాడు.

తర్వాత మెట్ల మీద ఏం జరిగిందో చెప్పడం నా వల్ల కాదు. మందుల షాపాయన తమ్ముణ్ణి డబ్బాతో సహా ఎత్తేశాడు. "వల వేశావు కదరా డబ్బా. మూడు వారాలు నోరు మూసుకుని కూర్చుంటే ఏంటో అనుకున్నాను. ఇంత బుర్ర ఎక్కడ దాచావు?" అంటున్నాడు. వెనకవాళ్లు, పైవాళ్లు, అందరూ వచ్చి వీపు చరుస్తున్నారు. మా వరసలో ఒకావిడ, "మీ ఆయన భలే జిత్తులమారండీ" అని మరదలితో అంది.

"ఆయనా?" అంది మరదలు. "ఆయనకి చీట్లపేకలో కూడా అబద్ధం ఆడటం రాదు." మళ్లీ నా చెవిలో అంది. "వదినా, ఆయన మొహం చూడండి."

చూశాను. గరాటు మూతి మూసిన రోజున కూడా అంత పాలిపోలేదు. మిగిలిన ఆటంతా అతని డబ్బా మోగలేదు. ఎదురుగా గేటు నడుం మీద చేతులు పెట్టుకుని, తోటివాళ్లు ఏవో అంటుంటే తల ఊపుతున్నాడు.

ఒక్క గోల్‌తో మనమే గెలిచాం. ఆట అయిపోయాక అందరూ లోపలికి వెళ్లిపోతుంటే గేటు ఒక్కడూ మెట్ల ముందున్న కంచె దగ్గరికి నడిచి వచ్చాడు. తమ్ముడు ముందు వరసలోనే ఉన్నాడు. ఇద్దరి మధ్యా బారెడు దూరం కూడా లేదు. వెయ్యి మందీ చెవులు రిక్కించారు. నేను కమ్మీ మీదకు వంగాను. మరదలు నా కొంగు పట్టుకుంది, పడిపోతానని.

"అన్నా" అన్నాడు గేటు.

"ఊఁ."

"కావాలనే కొట్టావా?"

మందుల షాపాయన వెనక నుంచి అందుకున్నాడు. "కావాలనే. పద్దెనిమిదేళ్ల సర్వీసది. చెప్పు డబ్బా, చెప్పు."

అప్పుడు మా తమ్ముడి ముందు రెండు మాటలే ఉన్నాయి. అవునంటే ఊరు నెత్తిన పెట్టుకుంటుంది, కానీ ఎదురుగా ఉన్న మనిషికి తొమ్మిదేళ్ల ఆ రెండు దెబ్బలూ విషమైపోతాయి. కాదంటే ఎవరి కోసం కొట్టాడో వెయ్యి మంది ముందు ఒప్పుకున్నట్టే, తను పెట్టిన మాట ప్రకారం తనే మెట్లు దిగాలి. అతను ఎక్కువసేపు ఆలోచించలేదు.

"లేదు తమ్ముడూ. నీ తల తగిలింది, నా చెయ్యి లేచింది. నువ్వు ఏ చొక్కాలో ఉన్నావో చేతికి తెలియలేదు."

గేటు తన పసుపు చొక్కా వైపు చూసుకున్నాడు. "నా కాళ్లకీ తెలియలేదన్నా." తోటివాళ్లు వెళ్లిన వైపు తిరిగి చూశాడు. "మా కోచ్‌కి ఏం చెప్పాలో తోచట్లేదు."

"డబ్బా మోగిందని చెప్పు."

"నమ్మడు."

"నేను లోపలికొచ్చి చెప్పనా?"

గేటు గట్టిగా నవ్వేశాడు. కంచె సందుల్లోంచి చెయ్యి చాపాడు. తమ్ముడు రెండు చేతులతో పట్టుకున్నాడు. "మన జట్టులో వెనకుండే ఆ నలుగురికీ ఎవరి మాట వినాలో ఇప్పుడు తెలియట్లేదన్నా, చూసుకో" అని చెప్పి గేటు వెళ్లిపోయాడు. మన జట్టు అనే అన్నాడు, నేను విన్నాను.

తమ్ముడు మెడలోంచి డబ్బా తీసి మెట్టు మీద పెట్టాడు.

"ఏంటిది?" అన్నాడు మందుల షాపాయన.

"మాట."

"ఏదో అతని మనసు నొచ్చుకోకూడదని అన్నావులే. మాకు తెలియదా? అసలు గెలిపించిందే నువ్వు."

"అతని కోసమే కొట్టాను. గెలవడం దానికదే జరిగింది. ఎవరైనా సరేనా అని అడిగింది మీరే, ఎవరైనా సరే అన్నది నేను."

మందుల షాపాయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు, ఎందుకంటే అందరూ చేతులెత్తినవాళ్లే. చివరికి కండక్టరమ్మ డబ్బా ఎత్తి మెడలో వేసుకుని చూసుకుంది. "ఎలా మోశావయ్యా పద్దెనిమిదేళ్లు, మెడ విరిగేలా ఉంది. నాకు విజిల్ తప్ప ఏమీ వాయించడం రాదు. వచ్చి నేర్పు."

ఆ వారమంతా సాయంత్రాలు ఎదురింట్లో కండక్టరమ్మ డ్యూటీ దిగి వచ్చి డబ్బా నేర్చుకుంది. నా చెవులు పోయాయనే చెప్పాలి. సోమవారం మందుల షాపులో తలనొప్పి మాత్ర కొనుక్కోవడానికి వెళ్తే ఫొటో ముందుకు తిప్పి ఉంది. "దుమ్ము పడుతోందని" అన్నాడాయన, నేను అడగకుండానే.

తర్వాతి ఆదివారం తమ్ముడు మొదటిసారి మాతో పాటు కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. బాధ పడుతున్నాడేమో అని నేను పక్క నుంచి మొహం చూస్తూనే ఉన్నాను. కాసేపటికి భుజాలు వదులయ్యాయి. మరి కాసేపటికి వెనక్కి ఆనుకున్నాడు.

"ఇక్కడి నుంచి అంతా కనబడుతోందే" అన్నాడు.

"అందుకే కదా ఇక్కడ కూర్చునేది" అంది మరదలు.

"ఆ కుడిపక్కన పరిగెత్తేవాడు బాగున్నాడు. కొత్తవాడా?"

మరదలు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మొగుణ్ణి చూసింది. "ఆయన మనకు ఐదేళ్ల నుంచి ఆడుతున్నాడు."

"నిజంగానా?"

"పోయినేడు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే. నువ్వే డబ్బా వాయించావు."

తమ్ముడు ముందుకు వంగి కుడిపక్కవాణ్ణి శ్రద్ధగా చూశాడు. తొమ్మిదేళ్లు గేటు ఒక్కణ్ణే చూస్తూ నిలబడితే మిగతా పదిమంది ఎలా కనబడతారు? "మరి ఆ మధ్యలో మోకాలికి పట్టీ కట్టుకున్నవాడు?" అన్నాడు.

మరదలు కుర్చీ అతని వైపు జరుపుకుంది. ఆ మధ్యాహ్నం ఆట ముగిసేదాకా వేలితో చూపిస్తూ మన జట్టును ఒక్కొక్కరినే అతనికి పరిచయం చేసింది. నేనూ విన్నాను, నాకూ సగం మంది తెలియదు.